అరకు నుంచి భీమిలి దాకా: గోస్తనీ వెంట దిగి రండి

మీ ప్రశ్నను శ్రద్ధగా చదివాను. డిసెంబరు రెండో వారంలో, హైదరాబాదు నుంచి సొంత కారులో, అరవై దాటిన తల్లిదండ్రులతోను, పదేళ్ల లోపు పిల్లలిద్దరితోను బయలుదేరి ఆరు రోజుల్లో అరకు లోయను, సముద్రతీరాన్ని చూసి రావాలనుకుంటున్నారు. విశాఖపట్నంలో బస చేసి, ఒక్క రోజులో అరకు వెళ్లి రాత్రికి తిరిగి వచ్చే పద్ధతి మంచిదా, మరేదైనా దారి ఉందా అని అడిగారు. విజయనగరం ప్రాంతంలో పుట్టి పెరిగి, ఈ ఘాట్ రోడ్ల మీద చాలా ఏళ్లుగా బండి నడుపుతున్నవాడిగా నా సలహా ఇది. విశాఖ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే ఆలోచన మానుకోండి. నర్సీపట్నం వైపు నుంచి కొండ ఎక్కి, అరకులో రెండు రాత్రులు ఉండి, అనంతగిరి మీదుగా దిగి, విశాఖకు కాకుండా భీమునిపట్నానికి, అంటే భీమిలికి చేరుకోండి. కొండ దిగేటప్పుడు గోస్తనీ నదిని దారి చూపేదిగా పెట్టుకోండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో నిలిచి, భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలిసే ఈ చిన్న నది, మీరు చూడాలనుకున్నవాటిలో చాలా భాగాన్ని తన వెంటే చూపిస్తుంది.

ఒక్క రోజు పద్ధతిని ఎందుకు కాదంటున్నానో ముందు చెబుతాను. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. మైదానంలో అది పెద్ద దూరం కాదు గాని, శృంగవరపుకోట దాటాక దాదాపు అంతా ఘాట్ రోడ్డే. డిసెంబరులో మా వైపు సాయంత్రం అయిదున్నర కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. అరకులో మూడు గంటలకు బయలుదేరినా, కొండ పూర్తిగా దిగేసరికి చీకటి ముసురుకుంటుంది. అప్పటికి పిల్లలు అలసిపోయి ఉంటారు, నడిపేవారి కళ్లు మండుతుంటాయి, ఎదురుగా లైట్లు వేసుకుని వచ్చే వాహనాల వరుస తెగదు. పైగా బొర్రా, అరకు, చాపరాయి, కాఫీ తోటలు అన్నీ ఒకే రోజులో ఇరికిస్తే ప్రతిచోటా టిక్కెట్టు కొన్న జ్ఞాపకమే తప్ప చూసిన జ్ఞాపకం మిగలదు. పెద్దవారితో వచ్చేవారికి ఇది ఏమాత్రం తగిన ఏర్పాటు కాదు.

మొదటి రోజు హైదరాబాదు నుంచి రాజమహేంద్రవరం గాని, ఓపిక ఉంటే అన్నవరం గాని చేరుకుని అక్కడ నిద్ర చేయండి. మరుసటి రోజు తుని దగ్గర జాతీయ రహదారిని వదిలి నర్సీపట్నం చేరితే, అక్కడి నుంచి లంబసింగి ఘాట్ మొదలవుతుంది. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి గురించి మీరు వినే ఉంటారు. శీతకాలంలో తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత ఒక్కోసారి సున్నాకు దగ్గరగా వెళుతుంది. ఆ చలిని, పొగమంచును చూడటానికే జనం అర్ధరాత్రి బయలుదేరి వస్తుంటారు. మీరు ఆ పని చేయవద్దు. పొద్దెక్కాక, మంచు విడిపోయాక ఎక్కితే దారి స్పష్టంగా కనిపిస్తుంది, అమ్మానాన్నలకు చలి బాధ ఉండదు. లంబసింగి దాటితే చింతపల్లి వస్తుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, తన అనుచరులైన మన్యం వీరులతో కలిసి తొలి దాడి చేసింది ఈ చింతపల్లి పోలీసు ఠాణా మీదే. ఇప్పుడు మీరు తిరగబోయే కొండ ప్రాంతం 2022 నుంచి ఆయన పేరు గల జిల్లాలో ఉంది. ఆ అడవుల్లో వాళ్లు కాలినడకన ఎంతెంత దూరాలు తిరిగారో పిల్లలకు ఆ దారిలోనే చెప్పండి, కొండలను చూస్తూ వింటే వారికి బాగా తలకెక్కుతుంది.

చింతపల్లి నుంచి పాడేరు, హుకుంపేట, డుంబ్రిగుడ మీదుగా అరకు చేరుతారు. ఈ భాగంలో ఎత్తుపల్లాలు మెల్లగా సాగుతాయి. రాజ్మా చేలు, పసుపు మళ్లు, మెట్లు మెట్లుగా దిగే వరి మడులు, మధ్యలో ఎర్రమట్టితో అలికిన అరుగుల ఇళ్లు కనిపిస్తాయి. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద తెల్లవారుజామున మబ్బులు కాళ్ల కింద పరుచుకున్నట్టు కనిపిస్తాయన్నది నిజమే గాని, చీకట్లో లేచి చివరి భాగం నడిచి ఎక్కాలి. మీ తల్లిదండ్రులతో అది వద్దు. డుంబ్రిగుడ దగ్గరి చాపరాయిలో, వెడల్పాటి నున్నని బండ మీదుగా నీరు పలచగా జారుతూ పోతుంది. పిల్లలు తప్పక దిగుతామంటారు. నాచు పట్టిన చోట ఆ బండ సబ్బులా జారుతుంది కాబట్టి, ఒడ్డున జనం ఎక్కువగా కూర్చునే చోటనే, చేయి పట్టుకునే దింపండి. దిగువన లోతైన మడుగుల వైపు పోనివ్వవద్దు.

అరకులో మీరున్న పూర్తి రోజును స్థలాల జాబితాతో నింపవద్దని నా మనవి. గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట చూడదగినవే, అవి ఒక పూటలో అయిపోతాయి. మిగిలిన పూట సంతకు ఇవ్వండి. మన్యంలో ఒక్కో ఊరికి వారంలో ఒక్కో రోజు సంత జరుగుతుంది. మీరున్న రోజున దగ్గర్లో ఏ ఊరి సంత ఉందో బస చేసిన చోట అడిగితే చెబుతారు. కొండల మీది గూడేల నుంచి తెల్లవారకముందే బయలుదేరి, కావడిలోనో నెత్తి మీదనో అల్లం, పసుపు, చింతపండు, మిరియాలు, అడ్డాకులు తెచ్చి అమ్మి, ఉప్పు, నూనె, బట్టలు కొనుక్కుని సాయంత్రానికి తిరిగి నడిచిపోయే మనుషులు అక్కడ ఉంటారు. వారి దగ్గర బేరం ఆడవద్దు. వారు చెప్పే ధర ఎలాగూ పట్నంలో మీరిచ్చే ధరలో సగం కూడా ఉండదు. ఆడవారి ఫొటోలు తీయాలనిపిస్తే అడిగి, వారు సరేనంటేనే తీయండి. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, అడగకుండా మొహం మీదికి ఫోను పెట్టే పర్యాటకుల వల్ల అక్కడివారు ఎంత నొచ్చుకుంటారో నేను దగ్గర నుంచి చూశాను.

వలిసె పూల గురించి కూడా అడిగారు. లోయ అంతా పసుపు పచ్చగా పూసే ఈ వలిసెలు నూనెగింజల పంట, పర్యాటకుల కోసం వేసిన తోట కాదు. అక్టోబరు చివర నుంచి డిసెంబరు మొదటి వరకు పూత బాగుంటుంది, మీరు వచ్చేసరికి కొన్ని చేలలోనే మిగిలి ఉండవచ్చు. చేలో దిగాలంటే రైతును అడగండి, ఆయన పది రూపాయలో ఇరవై రూపాయలో అడిగితే సంతోషంగా ఇవ్వండి. తొక్కిన ప్రతి మొక్కా ఆయనకు నష్టమే.

భోజనం విషయానికి వస్తే, బొంగు చికెన్ గురించి మీకు అందరూ చెప్పే ఉంటారు. పచ్చి వెదురు బొంగులో కారం, ఉప్పు, అల్లం పట్టించిన మాంసం కూరి, మూతిని ఆకుతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు, వెదురులోని తడే మాంసాన్ని ఉడికిస్తుంది. మీ ఎదుటే కాల్చే చోట తినండి. పెద్దవారికి కారం ఎక్కువ కాకుండా ముందే చెబితే తగ్గించి చేస్తారు.

ఇక అసలు ప్రయాణం, అంటే కొండ దిగే రోజు. ఉదయం మంచు పూర్తిగా విడిచాక, ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య అరకులో బయలుదేరండి. పెట్రోలు అరకులోనే నింపుకోండి, మళ్లీ శృంగవరపుకోట దాకా దాని గురించి ఆలోచించే పని ఉండదు. సుంకరిమెట్ట దాటాక గాలికొండ వ్యూ పాయింటు వస్తుంది, ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తయిన భాగం అదే. అక్కడి నుంచి అనంతగిరి దాకా రెండు వైపులా కాఫీ తోటలు. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు ఉంటాయి. డిసెంబరు కాఫీ కోతల కాలం కాబట్టి మీకు ఎర్రగా పండిన కాయలు కొమ్మ మీదే కనిపిస్తాయి. తోటవారిని అడిగి ఒక పండు పిల్లల చేతికి ఇవ్వండి. వేళ్లతో నొక్కితే తొక్క చిట్లి, తియ్యని జిగురుతో జారిపోతూ రెండు గింజలు బయటికి వస్తాయి. వాటి చదునైన వైపులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఆ గింజలను కడిగి, ఎండబెట్టి, పొట్టు తీసి, వేయించేదాకా కాఫీ వాసన అన్నది రానే రాదు. పొద్దున్నే ఇంట్లో తాగే కాఫీ ఇన్ని చేతులు దాటి వస్తుందని అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది. అరకు లోయ అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనదలిస్తే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొనండి, తేనె కూడా అక్కడే మంచిది దొరుకుతుంది.

అనంతగిరి దాటి కొంత దిగాక ప్రధాన రహదారి నుంచి పక్కకు మళ్లితే బొర్రా గుహలు. ఉదయం పదింటికి తెరుస్తారు, కాబట్టి మీరు సరిగ్గా రద్దీ పెరగకముందే చేరుకుంటారు. సున్నపురాయిలోకి ఇంకిన వాన నీరు లక్షల ఏళ్లుగా రాతిని కరిగిస్తూ ఇంత పెద్ద గదులను తొలిచింది. అదే నీరు పైకప్పు నుంచి బొట్టు బొట్టుగా రాలుతూ, తనలో కరిగిన సున్నాన్ని వదిలిపెడుతూ పైనుంచి వేలాడే ఊడలను, కింది నుంచి లేచే స్తంభాలను కట్టింది. ఒక ఆవు కప్పులోని రంధ్రం గుండా లోపలికి పడిపోయిందని, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనిపించిందని ఇక్కడివారు చెప్పుకుంటారు. లోపల ఆ లింగానికి ఇప్పటికీ పూజలు జరుగుతాయి. గుహ లోతు సుమారు 80 మీటర్లు, మెట్లు చాలా ఉన్నాయి, చాలా చోట్ల తడిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మగారు మొదటి విశాలమైన మండపం దాకా వచ్చి ఆగితే సరిపోతుంది, గుహ గొప్పతనం అక్కడికే తెలిసిపోతుంది. పైన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి 1960లలో వేసిన ఆ మార్గంలో యాభైకి పైగా సొరంగాలున్నాయి. బయట కోతులు చేతిలోని సంచులు లాక్కుపోతాయి, తినుబండారాలు కారులోనే ఉంచి అద్దాలు బిగించండి.

బొర్రా నుంచి శృంగవరపుకోట దాకా దిగుడు ఎక్కువ. ఘాట్ దిగేటప్పుడు జరిగే ప్రమాదాలకు పెద్ద కారణం వేగం మాత్రమే కాదు, బ్రేకు మీద కాలు తీయకుండా దిగడం కూడా. అలా దిగితే బ్రేకులు వేడెక్కి, కాలిన వాసన వచ్చి, చివరికి తొక్కినా పట్టని స్థితికి వస్తాయి. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుకు ముందు కొద్దిగా తాకిస్తే చాలు. ఆటోమేటిక్ కారయితే మాన్యువల్ పద్ధతికి గాని, తక్కువ గేరుకు గాని మార్చుకోండి. న్యూట్రల్‌లో దింపితే పెట్రోలు కలిసివస్తుందని ఎవరు చెప్పినా వినవద్దు. ఎక్కే వాహనానికి దారి ఇవ్వడం చట్టమూ, మర్యాదా కూడా, ఎందుకంటే ఎక్కుతూ ఆగిన లారీ మళ్లీ కదలడం కష్టం. మలుపు కనిపించకముందే హారన్ కొట్టండి, మలుపులో ఓవర్‌టేక్ చేయవద్దు, ఫొటో కోసం మలుపులో ఆగవద్దు. పొగమంచు తగిలితే హై బీమ్ వేస్తే వెలుగు మంచుకు తగిలి మీ కళ్లకే కొడుతుంది, లో బీమ్‌లోనే వెళ్లండి. అద్దం లోపల మసకబారితే ఏసీ గాలిని అద్దం వైపు తిప్పండి.

పిల్లలకు వాంతులవుతాయన్న భయం సహజమే. కడుపు నిండా తినిపించకుండా, ఖాళీగానూ ఉంచకుండా, ఇడ్లీలాంటి తేలికపాటి టిఫిను పెట్టి బయలుదేరండి. కారులో ఫోను చూడనివ్వకండి. ముందు వైపు దారిని చూస్తూ కూర్చునేవారికి తల తిరగడం తక్కువ. అప్పటికీ అమ్మగారికి పడకపోతే, అరకు నుంచో బొర్రా నుంచో శృంగవరపుకోట వరకు నాన్నగారితో కలిసి రైల్లో పంపి, మీరు స్టేషనులో కలుసుకోవచ్చు. ఇది చాలా కుటుంబాలకు నేను చెప్పిన ఉపాయం.

శృంగవరపుకోటలో భోజనం చేసి, అందరూ వెళ్లే కొత్తవలస, పెందుర్తి దారిని వదిలేయండి. అది లారీల దారి, చూడటానికేమీ లేదు. విజయనగరం వైపు తిరిగితే, గంట్యాడ మండలంలో తాటిపూడి జలాశయం వస్తుంది. గోస్తనీకి అడ్డంగా 1960లలో కట్టిన ఈ జలాశయం విశాఖ నగరానికి తాగునీరు ఇస్తుంది. పొద్దున బొర్రా దగ్గర లోయ అడుగున బండల మధ్య చూసిన వాగు ఇక్కడ కొండల మధ్య విశాలంగా నిండి ఉంటుంది. గట్టు మీద కాసేపు నిలబడి వెనక్కి చూస్తే, మీరు దిగి వచ్చిన కొండలు వరుస కట్టి కనిపిస్తాయి. నా దృష్టిలో ఈ ప్రయాణంలో అందరూ వదిలేసే, ఎవరూ వదలకూడని చోటు ఇదే.

విజయనగరంలో ఆగే సమయం ఉండదు, కోట ముందు నుంచి సాగిపోండి. కాని పద్మనాభం దగ్గర మాత్రం కారు దిగండి. గోస్తనీ ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో 1794 జూలై 10న, పేష్కషు (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిల తగాదాలో ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం ప్రభువు విజయరామ గజపతిరాజు ప్రాణాలు వదిలారు. కొండ మీద అనంత పద్మనాభస్వామి ఆలయానికి వెయ్యికి పైగా మెట్లు ఉన్నాయి. మీకు ఎక్కే వీలుండదు, కింద నుంచే దండం పెట్టుకుని కదలండి. తర్వాత తగరపువలస, చిట్టివలస వస్తాయి. అక్కడ జాతీయ రహదారిని దాటి, మూతపడిన జూట్ మిల్లు పక్కగా, నదికి దగ్గరగానే భీమిలి చేరుకుంటారు. ఈ చివరి భాగంలో కొబ్బరి, తాడి, జీడిమామిడి తోటలు మొదలవుతాయి, గాలిలో తేమ పెరుగుతుంది, పిల్లలే సముద్రం దగ్గరపడిందని కనిపెడతారు.

ఆ రాత్రి భీమిలిలోనే ఉండండి. మన తీరం తూర్పు ముఖం కాబట్టి సముద్రం మీద సూర్యోదయమే గాని సూర్యాస్తమయం ఉండదు. ఉదయం ఆరు గంటలకు తీరానికి వెళితే తూర్పు ఎర్రబడుతుండగా, తెల్లవారకముందే వేటకు పోయిన పడవలు తిరిగి రావడం, అలివి వలను రెండు జట్లుగా ఒడ్డుకు లాగడం కనిపిస్తాయి. లాగేవారి దారికి అడ్డం నిలబడకండి. గోస్తనీ సముద్రంలో కలిసే మొగ దగ్గర స్నానానికి ఎవరినీ దింపవద్దు. నది ప్రవాహం, ఆటుపోట్లు కలిసే ఆ చోట ఇసుక కింద నుంచి జారిపోతుంది, ఈత వచ్చినవారిని కూడా లోపలికి లాగుతుంది. పిల్లల స్నానానికి రుషికొండలో రక్షకులున్న భాగం మేలు, అక్కడ కూడా మోకాలి లోతు దాటనివ్వకండి.

పట్టణంలో పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల నాటి డచ్చివారి సమాధులు, పాత దీపస్తంభం చూడండి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పాత రేవు పట్టణం ఇది. ఓపిక ఉంటే బౌద్ధ అవశేషాలున్న పావురాళ్లకొండ ఎక్కవచ్చు. విశాఖ వైపు బీచ్ రోడ్డులో కొద్ది దూరం పోగానే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. తూర్పు కనుమల ఖోండలైటు శిలలు శిథిలమై కొట్టుకువచ్చిన ఇసుక, గాలి తెచ్చిన ఇసుక కలిసి వేల ఏళ్లుగా పేరుకుని, ఇనుము ఆక్సైడు పూత పట్టి ఇలా ఎర్రబడింది. వాన నీరు దానిని కోసి లోతైన సందులుగా చీల్చింది. ఇటువంటివి దక్షిణాసియాలో చాలా తక్కువ చోట్ల ఉన్నాయి, 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. పిల్లలను అంచుల మీదికి ఎక్కనివ్వకండి, గోడలు పొడిగా రాలిపోతాయి, విరిగిన అంచు మళ్లీ పుట్టదు. గుప్పెడు మట్టి తీసి చూపించి, అక్కడే వదిలేయండి.

ఆ తర్వాత తొట్లకొండ, మంగమారిపేట, రుషికొండ మీదుగా విశాఖకు ఇరవై అయిదు, ముప్ఫై కిలోమీటర్ల దారి, సముద్రం ఎడమ చేతి వైపునే ఉంటుంది. ఒక రోజు నగరానికి ఇవ్వదలిస్తే మధ్యాహ్నానికి చేరుకోండి. తిరుగు ప్రయాణంలో నగరం చొరవనక్కరలేదు. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి వెళ్లే ఆరు వరుసల రహదారి ఎక్కితే, హైదరాబాదు దారిలో పడిపోతారు. బయలుదేరే ముందు టైర్ల గాలి, బ్రేకు లైనింగు చూపించుకోండి, ఒక దుప్పటి, చలి టోపీలు, పెద్దవారి మందులు చేతికందేలా పెట్టుకోండి. పాడేరు, అరకు మధ్య రహదారి పనులు సాగుతున్నాయేమో పాడేరులో టీ తాగేటప్పుడు ఆర్టీసీ డ్రైవర్లను అడగండి, వారి మాట ఫోనులోని మ్యాపు కన్నా నమ్మదగినది. మీరు బస చేయదలచిన చోట్లు, అమ్మగారి మోకాళ్ల పరిస్థితి రాస్తే, నాలుగో రోజు సమయాలను గంటల లెక్కన సవరించి చెబుతాను.